రెండు వైర్లు, ఒక్క వూఫర్: స్టీరియోను మోనోగా కలపడంలో ఎక్కడ తేడా కొడుతుంది

విశాఖలో సొంతంగా సబ్‌వూఫర్ కట్టుకునేవాళ్లందరి దారీ దాదాపు ఒకటే. డాబాగార్డెన్స్ వైపు స్పేర్ పార్ట్స్ షాపుల్లో ఒక ఆంప్లిఫయర్ బోర్డు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, ఎనిమిది అంగుళాల వూఫర్ కొంటారు. కార్పెంటర్ చేత ప్లైవుడ్ డబ్బా చేయిస్తారు. అంతా బిగించాక ఆఖర్లో ఒక చిన్న చిక్కు మిగులుతుంది. ఫోన్ నుంచో టీవీ నుంచో వచ్చేవి రెండు వైర్లు, లెఫ్ట్, రైట్. సబ్‌వూఫర్ బోర్డు మీద ఇన్‌పుట్ మాత్రం ఒక్కటే. రెండింటినీ మెలిపెట్టి, సోల్డర్ చుక్క వేసి, ఆ ఒక్కదానికే అతికించేస్తారు. పాట వస్తుంది, బాస్ దంచుతుంది. పని అయిపోయిందనుకుంటారు.

తప్పు జరిగింది ఆ చుక్క దగ్గరే. కాకపోతే దాని ఫలితం సబ్‌వూఫర్‌లో వినబడదు, పక్కనున్న చిన్న స్పీకర్లలో వినబడుతుంది. అందుకే చాలామంది దోషాన్ని వేరేచోట వెతుకుతారు. స్పీకర్లు బాగోలేవంటారు, బ్లూటూత్ కార్డు డూప్లికేట్ అంటారు, బోర్డు మార్చేస్తారు. నిజానికి కావాల్సింది రెండు చిన్న రెసిస్టర్లు (కరెంటుకు అడ్డుపడే భాగాలు) మాత్రమే.

ఫోన్‌లో అయినా టీవీలో అయినా లెఫ్ట్ చానెల్‌కు ఒక చిన్న ఆంప్లిఫయర్, రైట్ చానెల్‌కు ఇంకొకటి ఉంటాయి. తన వైరు మీద ఎంత వోల్టేజీ ఉండాలో అంతే ఉంచడం ఒక్కోదాని పని. ఆ పట్టు ఎంత గట్టిదో చెప్పేదే అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అది ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది. హెడ్‌ఫోన్ జాక్‌లో అది కొద్ది ఓమ్స్ మాత్రమే ఉంటుంది, లైన్ అవుట్‌లో వందల ఓమ్స్ దాకా ఉండొచ్చు. రెండు వైర్లనూ నేరుగా కలిపితే ఆ జాయింటు దగ్గర ఒక్క వోల్టేజీయే ఉండగలదు. ఒక ఐసీ (ఆ చిన్న ఆంప్లిఫయర్ చిప్పు) దాన్ని 1 వోల్టు దగ్గర ఉంచాలని చూస్తుంది, రెండోది 0 దగ్గర ఉంచాలని చూస్తుంది. ఒకే తాడును ఇద్దరు చెరోవైపు లాగుతున్నట్టన్న మాట. ఆ పంతంలో పారే కరెంటు ఎంతో లెక్కేయొచ్చు. ఒక్కో వైపు 2 ఓమ్స్ ఉంటే మొత్తం 4 ఓమ్స్, 1 వోల్టు తేడాకు 250 మిల్లీఆంపియర్లు. అదే 1 వోల్టుకు 32 ఓమ్స్ ఇయర్‌ఫోన్ లాగేది 31 మిల్లీఆంపియర్లే. ఇయర్‌ఫోన్ కోసం చేసిన ఐసీ అంతకు ఎనిమిది రెట్లు ఎలా ఇస్తుంది? ఇవ్వదు. పరిమితి దగ్గర ఆగిపోతుంది, శబ్దం చీరుకుపోతుంది. లైన్ అవుట్‌లో ఒక్కో వైపు 100 ఓమ్స్ ఉంటే కరెంటు 5 మిల్లీఆంపియర్లకు తగ్గుతుంది. అక్కడ ఐసీకి పెద్ద ప్రమాదం ఉండదు, కానీ రెండు చానెళ్లూ కలగలిసిపోవడం మాత్రం తప్పదు.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా విడిపోతుంది. ఈ కరెంటు పారేది లెఫ్ట్, రైట్ మధ్య తేడా ఉన్నప్పుడు మాత్రమే. రెండు వైపులా ఒకే సిగ్నల్ ఉంటే తేడా సున్నా, పారే కరెంటూ సున్నా. ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవి. అలాంటి పాటతో టెస్ట్ చేస్తే మెలిపెట్టిన జాయింటు లక్షణంగా పనిచేస్తుంది. కొత్త పాటల్లోనూ కిక్ డ్రమ్, బాస్ గిటార్ దాదాపు ఎప్పుడూ మధ్యలోనే, అంటే రెండు చానెళ్లలో సమానంగా ఉంటాయి. సబ్‌వూఫర్‌కు కావలసింది ఆ భాగమే కాబట్టి అది హాయిగా మోగుతుంది. తేడా అంతా పై స్వరాల్లో ఉంటుంది. కోరస్, వయొలిన్లు, గొంతు చుట్టూ వేసే రివర్బ్ అక్కడివే. జాయింటు దగ్గర అవే నలిగిపోతాయి. అదే లెఫ్ట్, రైట్ వైర్ల నుంచి చిన్న స్పీకర్ల ఆంప్లిఫయర్ కూడా సిగ్నల్ తీసుకుంటోందనుకోండి, దానికి రెండు వైపులా ఒకే మిశ్రమం అందుతుంది. స్టీరియో మొత్తం మధ్యలోకి కుంచించుకుపోతుంది. సబ్‌వూఫర్ పెట్టాక పాట డొల్లగా అయిపోయిందనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం వూఫర్ కాదు, ఈ మెలిక.

చిన్న స్పీకర్లు లేకుండా ఒక్క వూఫర్ డబ్బా మాత్రమే వాడేవాళ్లకు స్టీరియో పోయినా నష్టం లేదు. వాళ్లకు అన్నిటికన్నా తేలిక దారి ఫోన్‌లోనే ఉంది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో అనే స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే కలపడం సాఫ్ట్‌వేర్‌లోనే జరిగిపోతుంది. రెండు వైర్ల మీదా ఒకే సిగ్నల్ వస్తుంది కాబట్టి మెలిపెట్టినా గొడవ లేదు. ఇంకో దారి, రైట్‌ను వదిలేసి లెఫ్ట్ ఒక్కటే ఇవ్వడం. వినడానికి నాటుగా ఉన్నా, బాస్ ఎలాగూ రెండు వైపులా ఉంటుంది కాబట్టి సినిమా పాటల వరకు ఇది మెలిక కంటే నయం. ఏదైనా డ్రమ్మును పూర్తిగా ఒక పక్కకు జరిపిన పాటలో మాత్రం ఆ దెబ్బ మాయమవుతుంది. ఈ దారిలో వెళ్లేవాళ్లు మోనో పిన్ను జోలికి పోకూడదు. స్టీరియో పిన్నుకు మూడు భాగాలుంటాయి. కొన లెఫ్ట్, మధ్య రింగు రైట్, మొదలు గ్రౌండ్. మోనో పిన్నుకు రెండే. దాన్ని స్టీరియో జాక్‌లో గుచ్చితే రింగు ఉండాల్సిన చోటుకు గ్రౌండు వచ్చి కూర్చుంటుంది, రైట్ చానెల్ నేరుగా షార్ట్ అవుతుంది. స్టీరియో పిన్నే వాడి, రింగుకు వైరు వేయకుండా వదిలేయాలి.

అసలు బాస్‌ను మోనో చేయడం సబబేనా అనే అనుమానం కొందరికి ఉంటుంది. డబ్బు పెట్టి స్టీరియో కొని మళ్లీ ఒకటి చేయడమేంటని. చెవి సంగతి ముందు చూద్దాం. 50 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. ఎంవీపీ కాలనీలోనో అక్కయ్యపాలెంలోనో ఉండే మామూలు అపార్ట్‌మెంట్ హాలు పొడవే అంత ఉండదు. తల వెడల్పు జానెడు. అంత పొడవాటి అల రెండు చెవులకూ దాదాపు ఒకేలా అందుతుంది, అది ఏ మూల నుంచి వచ్చిందో చెవి తేల్చుకోలేదు. 80 నుంచి 100 హెర్ట్జ్ కింద దిక్కు తెలియదని సాధారణంగా చెప్పేది ఇందుకే. సినిమా థియేటర్ల డాల్బీ డిజిటల్‌లో 5.1లోని ఆ ".1" కూడా 120 హెర్ట్జ్ వరకే పరిమితమైన ఒక్క చానెల్.

ఇక రికార్డింగ్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1931లో బ్రిటిష్ ఇంజనీరు అలాన్ బ్లమ్‌లైన్ స్టీరియో పేటెంటుకు దరఖాస్తు చేసినప్పుడు ఒకే గాడిలో రెండు చానెళ్లను ఇమిడ్చే పద్ధతి చూపించాడు. ఎల్పీ రికార్డు మీద సూది అడ్డంగా కదిలితే అది రెండు చానెళ్ల మొత్తం, నిలువుగా కదిలితే రెండింటి తేడా. బాస్‌లో తేడా ఎక్కువైతే గాడి లోతు విపరీతంగా మారి సూది ఎగిరిపోతుంది. అందువల్ల రికార్డు చెక్కేవాళ్లు బాస్‌ను మధ్యలోకి తెచ్చేవారు. ఎఫ్ఎం రేడియో కూడా అంతే. 1961లో అమెరికాలో ఆమోదం పొందిన స్టీరియో పద్ధతిలో ప్రధాన చానెల్‌లో పంపేది లెఫ్ట్, రైట్ మొత్తాన్ని. రెండింటి తేడా 38 కిలోహెర్ట్జ్ దగ్గర విడిగా వెళుతుంది, 19 కిలోహెర్ట్జ్ పైలట్ దానికి ఆనవాలు. ఆటోలో వాగే మోనో రేడియో ఆ మొత్తాన్నే వినిపిస్తుంది. పాటను మిక్స్ చేసే ఇంజనీర్లు మోనోలో కూడా ఒకసారి విని చూసుకునే అలవాటుకు ఇదీ ఒక కారణం. కాబట్టి బాస్‌ను కలపడం పాటకు ద్రోహమేమీ కాదు. కలిపే తీరులోనే ఉంది సంగతి.

సరైన తీరు చాలా చిన్నది. లెఫ్ట్ వైరుకు ఒక రెసిస్టరు, రైట్ వైరుకు అదే విలువ గల ఇంకో రెసిస్టరు, వాటి రెండో కొసలు కలిసిన చోటు నుంచి సబ్‌వూఫర్‌కు ఒక్క వైరు. అంతే. 10కె రెసిస్టర్లు తీసుకుంటే (గోధుమ, నలుపు, నారింజ గీతలు) రెండు చానెళ్ల మధ్య దారిలో 20 వేల ఓమ్స్ అడ్డు నిలుస్తాయి. ఇందాకటి 1 వోల్టు తేడాకు పారే కరెంటు 250 మిల్లీఆంపియర్ల నుంచి 0.05 మిల్లీఆంపియరుకు పడిపోతుంది. ఐసీకి అది లెక్కే కాదు. కలిసిన చోట వచ్చేది లెఫ్ట్, రైట్‌ల సగటు. రెండు వైపులా ఒకే బాస్ 1 వోల్టు ఉంటే అక్కడా 1 వోల్టే, ఒక వైపే ఉంటే సగం.

సగానికి తగ్గడం చూసి సిగ్నల్ వీక్ అయిపోతుందని భయపడేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు. టీడీఏ2030, టీడీఏ7294 లాంటి పవర్ ఐసీల బోర్డుల్లో 22కె, 680 ఓమ్స్ జంటతో గెయిన్ పెట్టడం మామూలు. అంటే వోల్టేజీ 33 రెట్లు పెరుగుతుంది. ఇన్‌పుట్‌లో అర వోల్టు ఉన్నా అవుట్‌పుట్‌లో 16 వోల్టులు దాటాలి. 4 ఓమ్స్ వూఫర్‌కు అది 65 వాట్ల పైమాట. టీడీఏ2030 అంత ఎలాగూ ఇవ్వలేదు, అంతకు చాలా ముందే క్లిప్ అవుతుంది, అంటే అల కొనలు తెగిపోతాయి. సిగ్నల్ తక్కువవుతుందేమోనని మధ్యలో ప్రీఆంప్లిఫయర్ చేర్చడమంటే అదనపు రొదను కొని తెచ్చుకోవడమే.

ఆ రెసిస్టర్ల విలువ ఎంతుండాలి అన్న దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 100 ఓమ్స్ లాంటి చిన్న విలువ పెడితే లైన్ అవుట్‌లో రెండు చానెళ్లూ ఇంకా చాలావరకు కలిసిపోతూనే ఉంటాయి. 470కె లాంటి పెద్ద విలువ పెడితే ఆ వైరు యాంటెన్నాలా చుట్టుపక్కల కరెంటు గోలంతా పీల్చుకుంటుంది. 4.7కె నుంచి 47కె వరకు ఏదైనా పనిచేస్తుంది, ఎంపిక మిగతా సర్క్యూట్‌ను బట్టి ఉంటుంది. ఒక చానెల్ శబ్దం రెండో దాంట్లోకి ఎంత కారుతుందో ఇలా లెక్కేయొచ్చు. లైన్ అవుట్ ఇంపిడెన్స్ 100 ఓమ్స్, రెసిస్టర్లు 10కె చొప్పున అయితే కారేది దాదాపు 200లో ఒక వంతు, అంటే మైనస్ 46 డెసిబెల్స్. 47కె అయితే 940లో ఒక వంతు, దగ్గరదగ్గర మైనస్ 60. ఈ లీకేజీని వినిపట్టే చెవి ఉండటం కష్టం.

ఇంటర్నెట్‌లో దొరికే సర్క్యూట్లు చాలావాటిలో ఈ రెండు రెసిస్టర్లకు తోడు ఒక ఆప్‌ఆంప్ (ప్లస్, మైనస్ ఇన్‌పుట్లు రెండూ ఉన్న చిన్న ఆంప్లిఫయర్ ఐసీ) సమ్మింగ్ స్టేజీ, అంటే సిగ్నళ్లను కూడే భాగం, కనబడుతుంది. మైనస్ ఇన్‌పుట్ దగ్గర రెండు రెసిస్టర్లూ కలుస్తాయి, అక్కడి నుంచి అవుట్‌పుట్‌కు ఫీడ్‌బ్యాక్ రెసిస్టరు. ఆ కలిసిన చోటు వోల్టేజీ ఎప్పుడూ సున్నా దగ్గరే నిలుస్తుంది కాబట్టి చానెళ్ల మధ్య లీకేజీ దాదాపు ఉండదు. నాలుగైదు ఇన్‌పుట్లు కలపాల్సిన మిక్సర్‌లో ఇది తప్పనిసరి. ఇంట్లో వాడే సబ్‌వూఫర్‌కు మాత్రం ఇది చాలాసార్లు దండగ. పైగా మూడు రెసిస్టర్లూ 10కె పెడితే వచ్చేది సగటు కాదు, మొత్తం. రెండు వైపులా ఒకేలా ఉన్న బాస్ రెట్టింపు, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ అవుతుంది. 12 వోల్టుల ఒంటి సప్లై మీద నడిచే ఆప్‌ఆంప్‌కు అది ఇరుకు. ఫీడ్‌బ్యాక్‌ను 4.7కె చేస్తే సర్దుకుంటుంది. సిగ్నల్ తలకిందులవుతుందన్నది కూడా గుర్తుండాలి, చిన్న స్పీకర్ల కోను ముందుకు వస్తున్నప్పుడు వూఫర్ వెనక్కి పోతుంది.

ఇంతకన్నా మంచి ఉపాయం ఒకటుంది. సబ్‌వూఫర్‌కు లోపాస్ ఫిల్టరు (కింది స్వరాలను మాత్రమే దాటనిచ్చేది) ఎలాగూ కావాలి. రెండో ఆర్డర్ ఫిల్టర్లలో సాలెన్-కీ అనే పద్ధతి అందరూ వాడేది. దానికి ముందు వైపు ఒక రెసిస్టరు, దాని తర్వాత ఇంకొకటి ఉంటాయి. ఆ మొదటి రెసిస్టరు స్థానంలో రెండింటిని పెట్టి, ఒకటి లెఫ్ట్‌కు, ఒకటి రైట్‌కు ఇస్తే కలపడం, వడకట్టడం ఒకే చోట అయిపోతాయి. రెండు 47కె రెసిస్టర్లు (పసుపు, ఊదా, నారింజ) ఫిల్టరు కంటికి పక్కపక్కన పెట్టిన 23.5కెలా కనబడతాయి. రెండో రెసిస్టరు 22కె (ఎరుపు, ఎరుపు, నారింజ). 47కె జంట కలిసిన చోటు నుంచి 22కె ద్వారా ఆప్‌ఆంప్ ప్లస్ ఇన్‌పుట్‌కు వెళ్లాలి. ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు 47 నానోఫారడ్ కండెన్సరు, జంట కలిసిన చోటు నుంచి ఆప్‌ఆంప్ అవుట్‌పుట్‌కు 100 నానోఫారడ్. మైనస్ ఇన్‌పుట్‌ను నేరుగా అవుట్‌పుట్‌కు కలపాలి. షాపులో ఆ కండెన్సర్లను 473, 104 అని అడిగితే చాలు, కానీ డిస్క్ సెరామిక్ ఇస్తే వద్దని పాలిస్టర్ అడగాలి. డిస్క్ రకం విలువ వోల్టేజీకి, వేడికి మారిపోతుంది.

ఈ విలువలతో ఫిల్టరు 105 హెర్ట్జ్ దగ్గర కోత మొదలుపెడుతుంది, అక్కడి నుంచి ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున తగ్గిస్తుంది. క్యూ విలువ 0.73, అంటే అంచు దగ్గర గుబ్బలా పొంగదు. చిన్న స్పీకర్లు కాస్త పెద్దవై, కింది స్వరాలు వాటంతట అవే ఇవ్వగలిగితే వూఫర్‌ను ఇంకా దించొచ్చు. 47కె జంటను 68కెగా (నీలం, బూడిద, నారింజ), 22కెను 33కెగా మారిస్తే కోత 70 హెర్ట్జ్ దగ్గరకు వస్తుంది. గొంతు వూఫర్‌లోంచి గుయ్యిమని వినబడుతుందనే ఫిర్యాదుకు మందు ఇదే. మగ గొంతు కింది భాగం 100 హెర్ట్జ్ చుట్టుపక్కలే తిరుగుతుంది మరి.

జాక్ నుంచి వచ్చే ప్రతి వైరులో ముందు ఒక 1 మైక్రోఫారడ్ కండెన్సరు పెట్టడం మంచిది, కొన్ని పరికరాల అవుట్‌పుట్‌లో కాస్త డీసీ ఉంటుంది. దాని తర్వాత గ్రౌండుకు 100కె, ఆ తర్వాతే 47కె. ఆ 100కె లేకపోతే ఆప్‌ఆంప్ ఇన్‌పుట్‌కు డీసీ దారి లేక అవుట్‌పుట్ ఒక అంచుకు పోయి కూర్చుంటుంది. 12 వోల్టుల ఒంటి సప్లై అయితే ఆ 100కెలను గ్రౌండుకు కాకుండా 6 వోల్టుల బయాస్‌కు కలపాలి. రెండు 10కె రెసిస్టర్లు, ఒక 100 మైక్రోఫారడ్ కండెన్సరుతో ఆ సగం వోల్టేజీ తయారవుతుంది. అప్పుడు అవుట్‌పుట్‌లోనూ ఒక కండెన్సరు తప్పదు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవాళ్లు రెక్టిఫై చేసిన ప్లస్, మైనస్ సప్లైని నేరుగా ఆప్‌ఆంప్‌కు ఇచ్చేస్తుంటారు. లెక్క ప్రకారం అది 16 వోల్టుల పైచిలుకు, కానీ లోడ్ లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఇంకాస్త ఎక్కువే ఇస్తుంది. టీఎల్072 అనే ఆప్‌ఆంప్ తట్టుకునే హద్దు ప్లస్ మైనస్ 18. వోల్టేజీని ప్లస్ 12, మైనస్ 12 దగ్గర నిలిపే ఒక 7812, ఒక 7912 మధ్యలో పెడితే ఆ టెన్షన్ ఉండదు.

వీటన్నిటికన్నా ఎక్కువ గందరగోళం సిగ్నల్‌ను ఎక్కడి నుంచి తీసుకోవాలన్న దగ్గర. చిన్న స్పీకర్ల ఆంప్లిఫయర్‌లో వాల్యూమ్ కంట్రోల్‌కు ముందు నుంచి తీస్తే మెయిన్ వాల్యూమ్ తగ్గించినా బాస్ తగ్గదు, రాత్రిపూట పక్క ఫ్లాటు వాళ్లు తలుపు తడతారు. వాల్యూమ్ తర్వాత తీస్తే రెండూ కలిసి తగ్గుతాయి, కానీ అక్కడ సోర్స్ ఇంపిడెన్స్ 100 ఓమ్స్ ఉండదు. 47కె డబుల్ పాట్ (వాల్యూమ్ తిప్పే జంట రెసిస్టరు) అయితే దాని మధ్య కాలు దగ్గర అది దాదాపు 12కె వరకు పెరుగుతుంది. అప్పుడు ఒక చానెల్ రెండో దాంట్లోకి తొమ్మిదో వంతు కారుతుంది, మైనస్ 19 డెసిబెల్స్. స్టీరియో పూర్తిగా చావదు, కానీ వెడల్పు తగ్గినట్టు తెలిసిపోతుంది. దీనికి పరిష్కారం పద్నాలుగు కాళ్ల టీఎల్074. నాలుగు ఆప్‌ఆంప్‌లు ఒకే ఐసీలో ఉంటాయి. పాట్ తర్వాత లెఫ్ట్‌కు ఒకటి, రైట్‌కు ఒకటి బఫర్లుగా (సిగ్నల్‌ను మార్చకుండా గట్టి పట్టుతో అందించేవి), మూడోది ఫిల్టరుగా, మిగిలిన నాలుగోది సిగ్నల్‌ను తలకిందులు చేసే ఫేజ్ స్విచ్‌గా సరిపోతాయి. సబ్‌వూఫర్‌కు సొంత లెవెల్ పాట్ ఫిల్టరు తర్వాత, పవర్ బోర్డుకు ముందు ఉండాలి.

పాత మెకానిక్‌లకు ఇష్టమైన ఇంకో దారి స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీయడం. వాల్యూమ్‌తో పాటు బాస్ మారుతుంది, ఇంపిడెన్స్ ఓమ్‌లో చిన్న భిన్నం కాబట్టి లీకేజీ సమస్యే లేదు. లెఫ్ట్ స్పీకర్ ప్లస్ నుంచి 10కె, రైట్ ప్లస్ నుంచి 10కె, కలిసిన చోటు నుంచి గ్రౌండుకు 560 ఓమ్స్. సిగ్నల్ పదో వంతుకు దిగుతుంది, ఆ తర్వాత 22కె, 22కెతో మామూలు ఫిల్టరు. ఇక్కడ ఒక్క జాగ్రత్త ప్రాణం లాంటిది. కారు స్టీరియోల్లోని టీడీఏ7388 లాంటి ఐసీలు బ్రిడ్జ్ పద్ధతివి. వాటి స్పీకర్ మైనస్ గ్రౌండు కాదు, ప్లస్, మైనస్ రెండింటిలోనూ సప్లైలో సగం వోల్టేజీ ఉంటుంది. ఆ మైనస్‌ను తెచ్చి సబ్‌వూఫర్ గ్రౌండుకు కలిపితే అది షార్ట్ సర్క్యూటే. ఇళ్లలో చాలామంది వాడే ఎల్ఏ4440 బోర్డు కూడా రెండు రకాలుగా వస్తుంది. స్టీరియోలో అయితే 6 వాట్ల చొప్పున రెండు చానెళ్లు, బ్రిడ్జ్‌లో అయితే 19 వాట్ల ఒక్క చానెల్. బోర్డు ఏ రకమో చూసుకోకుండా స్పీకర్ మైనస్ పట్టుకోకూడదు. బ్రిడ్జ్ అయితే ప్లస్ కాలు ఒక్కటే వాడి, ప్రతి 10కెకు ముందు 2.2 మైక్రోఫారడ్ కండెన్సరు పెట్టి, గ్రౌండును సప్లై మైనస్ నుంచి తీసుకోవాలి. ఇక రెండు పవర్ చానెళ్ల స్పీకర్ అవుట్‌పుట్లనే మెలిపెట్టి ఒకే వూఫర్‌కు ఇవ్వడం గురించి చెప్పాల్సింది తక్కువ, కాలిన వాసనే చెబుతుంది. రెండు చానెళ్లనూ ఒకే వూఫర్ మీద వాడాలనుకుంటే డబుల్ వాయిస్ కాయిల్ వూఫర్ కొనాలి. లెఫ్ట్‌కు ఒక కాయిల్, రైట్‌కు ఒక కాయిల్ ఇస్తే కలపడం కోను దగ్గర జరుగుతుంది.

హమ్ (కరెంటు వల్ల వచ్చే బొయ్యిమనే రొద) విషయంలో సబ్‌వూఫర్‌కు మిగతా ఆంప్లిఫయర్లకు లేని బలహీనత ఒకటుంది. కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసేది) తర్వాత డీసీ మీద మిగిలే అల, అంటే రిపుల్, 100 హెర్ట్జ్. రెండూ ఫిల్టరు దాటించే పరిధిలోనే పడతాయి. సుయ్యిమనే హిస్ మాత్రం ఫిల్టరు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఈ పనికి ఖరీదైన తక్కువ నాయిస్ ఆప్‌ఆంప్ కొనడం అనవసరం, మామూలు 4558 సరిపోతుంది. ఆ డబ్బు షీల్డ్ వైరుకు, మెటల్ డబ్బాకు పెట్టాలి. 47కె జంటను జాక్ దగ్గర గాలిలో వేలాడదీయకుండా ఆప్‌ఆంప్ కాలికి ఆనుకునేలా బోర్డు మీద పెట్టాలి. అప్పుడు ఎక్కువ ఇంపిడెన్స్ ఉన్న భాగం వేలెడు పొడవు కూడా ఉండదు. టీవీకి కేబుల్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో కేబుల్ షీల్డ్ ద్వారా గ్రౌండ్ లూప్ (గ్రౌండుకు రెండు దారులై చుట్టులా మారడం) ఏర్పడటం సాధారణం. కేబుల్ పీకగానే హమ్ పోతే కారణం అదే. దానికని షాపులో దొరికే అగ్గిపెట్టంత గ్రౌండ్ లూప్ ఐసొలేటర్లు తెచ్చి సబ్‌వూఫర్ దారిలో పెడితే హమ్‌తో పాటు బాస్ కూడా పోతుంది. లోపలుండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కోరు 40, 50 హెర్ట్జ్ దగ్గర సిగ్నల్‌ను మోయలేదు.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు ఇంకో తలనొప్పి. పెదజాలారిపేట, లాసన్స్ బే వైపు ఇళ్లలో ఉప్పుగాలికి జాక్‌లు, పాట్లు త్వరగా పచ్చబడతాయి. 47కె దారిలో కాంటాక్టుకు పది ఓమ్స్ పెరిగినా సిగ్నల్‌కు ఏమీ కాదు, కానీ గ్రౌండు కాంటాక్టు చెడితే వూఫర్ బొయ్యిమంటుంది. అందువల్ల గ్రౌండును పిన్ను మీద వదిలేయకుండా వీలైన చోటల్లా సోల్డర్ చేయడం మేలు.

కలిపింది సరిగ్గా ఉందో లేదో ఫోన్‌లో ఉచితంగా దొరికే టోన్ జనరేటర్ యాప్‌తో తేల్చుకోవచ్చు. 50 హెర్ట్జ్ టోన్ లెఫ్ట్‌లో మాత్రమే పెట్టి, ఫిల్టరు అవుట్‌పుట్‌లో ఏసీ వోల్టేజీ చూడాలి. తర్వాత రైట్‌లో మాత్రమే. రెండు రీడింగులూ సమానంగా ఉండాలి, రెండు చానెళ్లూ కలిపి ఇచ్చినప్పుడు రీడింగు రెట్టింపు కావాలి. చవక పసుపురంగు మల్టీమీటర్‌లో ఏసీ రేంజి 200 వోల్టుల నుంచి మొదలవుతుంది, మిల్లీవోల్టులు దాని కంటికి ఆనవు. ఆ మీటరే ఉంటే పవర్ బోర్డు అవుట్‌పుట్‌లో, వాల్యూమ్ మధ్యస్థంగా పెట్టి కొలవాలి. టోన్ లెఫ్ట్‌లో మాత్రమే ఉన్నప్పుడు రైట్ చిన్న స్పీకర్‌కు చెవి ఆనించి వింటే లీకేజీ సంగతీ తేలిపోతుంది. అయితే దానికి 50 హెర్ట్జ్ పనికిరాదు, 300 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోవాలి.

చివరగా ఒక చానెల్‌ను తలకిందులు చేసిన టోన్ ఇవ్వాలి, కొన్ని యాప్‌లలో ఆ సౌకర్యం ఉంటుంది. లెఫ్ట్, రైట్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని వూఫర్ దాదాపు నోరు మూసుకోవాలి. పూర్తి నిశ్శబ్దం మాత్రం రాదు. బంగారు గీత ఉన్న మామూలు రెసిస్టర్ల విలువ 5 శాతం అటూఇటూ ఉండొచ్చు. ఒకటి ఎక్కువై రెండోది తక్కువైతే టోన్‌లో ఇరవయ్యో వంతు దాకా మిగులుతుంది. అంతకన్నా గట్టిగా వినబడితే జంటలో ఒకటి వేరే విలువదై ఉంటుంది. 4.7కె మీద మూడో గీత ఎరుపు, 47కె మీద నారింజ, ట్యూబ్‌లైట్ వెలుగులో ఆ రెండు రంగులూ ఒకేలా కనబడతాయి.